చలి మొదలైంది, పోనీకి బొచ్చు తీయించాలా?

లీడ్స్_పోనీ_అమ్మ · అక్టోబర్ 4

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి పదేళ్ళు. ఇంగ్లండ్‌లో లీడ్స్‌కి కాస్త బయట ఒక యార్డ్‌లో (అద్దెకి గుర్రాలు ఉంచే చోటు) తన పోనీని ఉంచుతున్నాం. వెల్ష్ సెక్షన్ ఏ అనే చిన్న రకం, ఆడది, పదకొండున్నర హ్యాండ్స్ (హ్యాండ్ అంటే నాలుగు అంగుళాలు) ఎత్తు, వయసు 17. పేరు బిస్కెట్. ఈ వేసవిలోనే మా దగ్గరికి వచ్చింది, కాబట్టి దానితో మాకిదే మొదటి చలికాలం.

సెప్టెంబర్ మొదట్నుంచే ఒంటి మీద బొచ్చు బాగా పెరిగింది. పాప వారంలో నాలుగు రోజులు ఎక్కుతుంది, వారాంతంలో పోనీ క్లబ్ కూడా ఉంటుంది. ఇరవై నిమిషాలు ట్రాట్ (చిన్న పరుగు) చేయించేసరికి మెడ, ఛాతీ, జీను కింద భాగం చెమటతో తడిసి ముద్దవుతున్నాయి. స్కూల్ అయ్యాక వెళ్తాం, ఆరున్నర దాటితే చీకటి. ఎంత తుడిచినా ఆరదు. ఆ తడి ఒంటితో రాత్రి పొలంలోకి వదలాలంటే మనసు ఒప్పట్లేదు.

యార్డ్‌లో సగం మంది "హంటర్ క్లిప్ చేయించెయ్" అంటున్నారు, అంటే దాదాపు ఒళ్ళంతా బొచ్చు తీయించడం. మిగతా సగం "నేటివ్ పోనీ (ఇక్కడి స్థానిక జాతి) బొచ్చు ముట్టుకోవద్దు" అంటున్నారు. రాత్రింబవళ్ళు బయటే ఉంటుంది, మూడు వైపులా గోడలున్న షెల్టర్ ఉంది. మా రెండు కుటుంబాల్లోనూ గుర్రాల గురించి తెలిసినవాళ్ళు లేరు. చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదారి_గట్టు · అక్టోబర్ 4

అమ్మా, నేను రాజమండ్రి పక్కన ఉంటాను, నాకు గుర్రాలు తెలీవు, పాడి తెలుసు. మేం గేదెలకు బొచ్చు గీయించేది ఎండలు ముదిరినప్పుడు. గీయించి నూనె పట్టిస్తే ఒళ్ళు చల్లబడుతుంది, పేలు కూడా పోతాయి. అక్కడ మీరు చలి మొదలయ్యాక తీయిస్తామంటున్నారు. మూగజీవానికి దేవుడిచ్చిన దుప్పటి సరిగ్గా అవసరమైనప్పుడే లాగేసినట్టు అవ్వదా? తప్పు పట్టడం కాదు, నిజంగానే అర్థం కాక అడుగుతున్నా.

మలక్‌పేట్_టు_న్యూమార్కెట్ · అక్టోబర్ 5

బాబాయ్, మీరడిగింది సరైన ప్రశ్న. నేను హైదరాబాద్‌లో మలక్‌పేట రేస్‌కోర్స్ దగ్గర పుట్టి పెరిగాను, మా నాన్న అక్కడ గుర్రాలు చూసేవారు. ఇప్పుడు న్యూమార్కెట్‌లో ఒక రేసింగ్ యార్డ్‌లో పని చేస్తున్నా. చలికాలమంతా చేతిలో క్లిప్పర్ ఉంటుంది.

గేదెకు చెమట చాలా తక్కువ, అందుకే నీళ్ళలో పడుకుంటుంది. గుర్రం అలా కాదు, మనిషిలాగే ఒళ్ళంతా చెమట పోసి చల్లబడుతుంది. చలికాలపు బొచ్చు వెచ్చగా ఉంచేది వెంట్రుకల మధ్య నిలిచే గాలి వల్ల. ఖాళీగా మేసే గుర్రానికి అంతకన్నా మంచిది లేదు. దాన్నే పరుగెత్తిస్తే వేడి బయటికి పోదు, చెమట వెంట్రుకల మొదళ్ళదాకా పడుతుంది, లోపలి గాలి పొర పోతుంది. పని ఆపగానే తడి ఒంటి మీద చల్లగాలి. పొడిగా ఉన్న పొట్టి బొచ్చు కంటే తడిసిన పొడుగు బొచ్చుతోనే గుర్రానికి ఎక్కువ చలి. అందుకని పని చేయించే గుర్రానికి మాత్రమే తీస్తాం, చెమట పట్టే చోటే తీస్తాం.

బొచ్చు పెరగడానికి కారణం చలి ఒక్కటే అనుకుంటారు చాలామంది. అసలు కారణం పగటి వెలుగు. జూన్ 21 తర్వాత పగలు తగ్గడం మొదలవగానే ఒంట్లో మార్పు మొదలవుతుంది, మన కంటికి సెప్టెంబర్‌లో కనిపిస్తుంది. డిసెంబర్ 21 దాటాక పగలు పెరుగుతుంటే రాలడానికి సిద్ధమవుతుంది. ఇక్కడ మొదటి క్లిప్ అక్టోబర్‌లో చేసి, ఆఖరిది జనవరి చివరిలోపే ముగించేది ఇందుకే. ఆ తర్వాత చేస్తే కొత్తగా వచ్చే వేసవి బొచ్చు కొసలు కూడా తెగిపోతాయి.

లీడ్స్ అక్కా, హంటర్ క్లిప్ మీకు అస్సలు వద్దు. కాళ్ళూ జీను కింద కాస్త చోటూ వదిలి ఒళ్ళంతా తీసేస్తారు దాంట్లో. అది వేట గుర్రాలకి, వారమంతా గట్టిగా పని చేసేవాటికి. బయట పడుకునే పిల్లల పోనీకి బిబ్ క్లిప్ చాలు. అంటే గొంతు కింద నుంచి మెడ ముందు భాగం, ఛాతీ మాత్రమే. దానికీ చెమట ఆగకపోతే పొట్ట కింద కూడా కలిపి లో ట్రేస్ క్లిప్. వెన్ను, నడుము, తొడల పైభాగం అలాగే ఉంచాలి. వాన పడేది అక్కడే. ముందు తక్కువ తీయండి, చాలకపోతే రెండు వారాల తర్వాత ఇంకాస్త తీయవచ్చు. ఎక్కువ తీసింది తిరిగి అంటించలేం.

డెవన్_పొలం · అక్టోబర్ 5

నేను కొంచెం వేరేగా చెప్తాను. మా పొలంలో ఎక్స్‌మూర్ పోనీలు ఉన్నాయి. ఎవరూ ఎక్కరు, గడ్డి మేస్తూ కొండవాలులో తిరుగుతాయి. వాటి బొచ్చు రెండు పొరలు: లోపల మెత్తటి ఉన్ని, పైన జిడ్డుతో ఉన్న గట్టి వెంట్రుకలు. రోజంతా వాన కురిసినా నీళ్ళు పైనుంచి జారిపోతాయి, వేలు పెట్టి చూస్తే చర్మం పొడిగా ఉంటుంది. చలి పెరిగితే వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఇంకా మందంగా అవుతాయి. దాని మీద రగ్గు కప్పితే వెంట్రుకలు అణిగిపోయి ఆ పని చేయలేవు.

నా బాధ ఏంటంటే, యార్డ్‌లలో ముందు క్లిప్ చేస్తారు, తర్వాత చలేస్తుందని రగ్గు మీద రగ్గు వేస్తారు, ఆ రగ్గు కింద చెమట పడుతుందని మళ్ళీ క్లిప్ చేస్తారు. మధ్యలో ఆ జీవం సంగతి ఎవరూ చూడరు. పక్కవాళ్ళు చేశారని మాత్రం చేయించకండి. చెమట పట్టే పని తగ్గించడం, ఎక్కువసేపు నడిపించి చల్లార్చడం కూడా మార్గాలే.

కార్డిఫ్_పశువైద్యుడు · అక్టోబర్ 5

క్లిప్పర్ తీయకముందు మీరు పంచుకున్న వివరాల్లో నన్ను ఆపిన మాట ఒకటుంది: వయసు 17, చెమట ఎక్కువ, బొచ్చు దట్టం. లీడ్స్ అమ్మ గారూ, ఇవి తెలుసుకుని చెప్పండి. గత వసంతంలో పాత బొచ్చు ఎప్పటికి పూర్తిగా రాలింది? పని లేకుండా నిలబడి ఉన్నప్పుడు కూడా చెమట పడుతోందా? నీళ్ళు ఎక్కువ తాగుతోందా? పొట్ట జారి, వెన్ను కండ తగ్గినట్టుందా? ఎప్పుడైనా లామినైటిస్ (డెక్కల లోపల వాపు) వచ్చిందా?

15 ఏళ్ళు దాటిన గుర్రాల్లో, పోనీల్లో సుమారు ఐదింటిలో ఒకదానికి పీపీఐడీ అనే జబ్బు ఉంటుంది. పాతవాళ్ళు కుషింగ్స్ అంటారు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి అదుపు తప్పి హార్మోన్లు ఎక్కువ వదులుతుంది. పొడుగ్గా, వంకీలు తిరిగిన బొచ్చు రాలకుండా ఉండిపోవడం బాగా ముదిరాక కనిపించే లక్షణం. మొదట్లో కనిపించేది బొచ్చు ఆలస్యంగా రాలడం, అకారణంగా చెమట పట్టడం లాంటివే. దీన్ని వదిలేస్తే అసలు ప్రమాదం లామినైటిస్. డెక్కల లోపల వచ్చే ఆ నొప్పి ఒక్కసారి చూసినవాళ్ళు మర్చిపోలేరు.

ఏసీటీహెచ్ అనే రక్తపరీక్ష ఉంది. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా ఈ హార్మోన్ ఆరోగ్యంగా ఉన్న గుర్రాల్లో కూడా సహజంగానే పెరుగుతుంది, జబ్బున్నవాటిలో చాలా ఎక్కువ పెరుగుతుంది. ల్యాబ్‌లు ఆ కాలానికి తగ్గ అంకెలతో పోలుస్తాయి. కాబట్టి జబ్బు పట్టుకోవడానికి ఇదే మంచి సమయం, మీ వెట్‌కి ఈ వారమే ఫోన్ చేయండి.

లీడ్స్_పోనీ_అమ్మ · అక్టోబర్ 6

డాక్టర్ గారూ, చదివి గుండె గుభేలుమంది. పాత యజమానికి మెసేజ్ పెట్టాను. జూన్ చివరిదాకా పొట్ట కింద, కాళ్ళ వెనక పాత బొచ్చు ఉండేదట. ప్రతి ఏడూ అలాగే కదా అనుకుని పట్టించుకోలేదట. లామినైటిస్ రాలేదట. పొట్ట కాస్త జారింది నిజమే, నేను లావు అనుకున్నా. రక్తపరీక్షకి వెట్ గురువారం వస్తున్నారు.

ఇంకో ప్రశ్న. బొచ్చు తీసినా తీయకపోయినా, రాత్రి ఎంత చలిదాకా బయట ఉంచవచ్చు? ఇక్కడ జనవరిలో సున్నా దగ్గరికి వెళ్తుంది.

కాల్గరీ_మంచు · అక్టోబర్ 6

చలి సంగతి నేను చెప్తానండీ. మా దగ్గర మైనస్ 25 మామూలే. పూర్తి బొచ్చుతో, గాలి తగలని షెల్టర్‌తో, కడుపు నిండా ఎండుగడ్డితో మా బార్న్‌లోని ముసలి పోనీలు కూడా బయటే ఉంటాయి. మంచు పడి వీపు మీద కరగకుండా నిలబడితే సంతోషిస్తాం, లోపలి వేడి బయటికి పోవడం లేదని దానర్థం. ఇక్కడ పూర్తిగా క్లిప్ చేసిన గుర్రాలు మాత్రం లోపలే ఉండి, లోపలే పని చేస్తాయి.

మామూలుగా గుర్రానికి 5 నుంచి 25 డిగ్రీల మధ్య ఒంటి వేడి నిలుపుకోవడానికి అదనపు శ్రమ అక్కర్లేదంటారు. చలికి అలవాటుపడిన బొచ్చుంటే ఇంకా చాలా కిందికి తట్టుకుంటుంది. మీ ఇంగ్లండ్‌లో కష్టం సున్నా డిగ్రీలు కాదు. నాలుగైదు డిగ్రీల్లో గాలితో కొట్టే వాన. మా పొడి చలి కంటే అదే గుర్రాన్ని ఎక్కువ వణికిస్తుంది.

దాణా పెంచడం కంటే ఎండుగడ్డి పెంచడం మేలు. గడ్డి పీచు పెద్దపేగులో పులిసేటప్పుడు వేడి పుడుతుంది, రాత్రంతా లోపల కుంపటి ఉన్నట్టే. కాకపోతే మీ పోనీకి ఆ జబ్బు ఉందని తేలితే గడ్డి విషయం డాక్టర్ గారు చెప్పినట్టే చేయండి.

సర్రే_చెల్లి · అక్టోబర్ 7

ఆంటీ, నేను పోనీ క్లబ్‌లో చాలా ఏళ్ళుగా ఉన్నా, ఇప్పుడు కాలేజీ. పరీక్ష రిజల్ట్ వచ్చేలోపు ఒక పని మొదలుపెట్టండి. బిస్కెట్ ఇంతకుముందు క్లిప్పర్ చూసిందో లేదో మీకు తెలీదు కదా. బ్యాటరీతో నడిచే టూత్‌బ్రష్ ఒకటి కొని, బ్రష్ చేసే టైమ్‌లో ఆన్ చేసి పక్కన పెట్టండి. రెండు మూడు రోజులయ్యాక మీ అరచేయి దాని భుజం మీద పెట్టి, చేతి మీద టూత్‌బ్రష్ ఆనించండి. ఆ వణుకు చేతి గుండా తెలుస్తుంది. నిలబడగానే ఆపేసి మెచ్చుకోండి. అది కదిలినప్పుడు ఆపితే, కదిలితే ఆగుతుందని నేర్చుకుంటుంది.

వేరే గుర్రానికి క్లిప్ చేస్తుంటే బిస్కెట్‌ని దూరంగా నిలబెట్టి చూడనివ్వడం కూడా బాగా పని చేస్తుంది. భయపడితే ముక్కుకి తాడు బిగించి బలవంతంగా చేయించే యార్డ్‌లు ఉన్నాయి, దయచేసి ఒప్పుకోకండి. ఆ భయం ఏళ్ళ తరబడి పోదు.

నవంబర్ 5 చుట్టుపక్కల మాత్రం పెట్టుకోవద్దు. ఇక్కడ ఆ రోజు బాన్‌ఫైర్ నైట్ పండగ, బాణసంచా మోతకి అన్నీ అసలే బెదిరి ఉంటాయి.

లీడ్స్_పోనీ_అమ్మ · అక్టోబర్ 14

రిజల్ట్ వచ్చింది. పీపీఐడీ ఉంది, కానీ మొదటి దశే అన్నారు. పెర్గోలైడ్ మాత్ర రోజూ ఇవ్వాలట, జీవితాంతం. డాక్టర్ గారూ, మీరు అడగకపోతే మేం బొచ్చు తీసేసి, చెమట తగ్గిందని ఊరుకునేవాళ్ళం. మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలీట్లేదు.

పాప రాత్రంతా ఏడ్చింది. మందు వేసుకుంటే ఎక్కవచ్చనీ, పని మంచిదేననీ వెట్ చెప్పాక కుదుటపడింది. మరి ఇప్పుడు క్లిప్ చేయించాలా, వద్దా?

కార్డిఫ్_పశువైద్యుడు · అక్టోబర్ 14

చేయించండి. ఈ జబ్బున్న పోనీకి బొచ్చు తీయడం చాలాసార్లు మేలే, వేడి తట్టుకోలేక అవి ఎక్కువ బాధపడతాయి. మందు మొదలుపెట్టగానే బొచ్చు మారిపోదు, తేడా తెలిసేది వచ్చే వసంతంలో రాలేటప్పుడు. మొదటి రోజుల్లో ఆకలి తగ్గితే మీ వెట్‌కి చెప్పండి, మోతాదు సర్దుతారు.

ఇంకో లాభం కూడా ఉంది. వెల్ష్ పోనీలు తక్కువ తిండితోనే ఒళ్ళు చేసే జాతి. వేసవిలో కూడబెట్టిన కొవ్వు చలికాలంలో కొంత కరగాలి, ప్రకృతి ఏర్పాటే అది. కాస్త బొచ్చు తీసి, మందపాటి రగ్గు వేయకుండా ఉంచితే ఒంటి వేడి కోసం ఆ కొవ్వు ఖర్చవుతుంది. బరువు తగ్గితే లామినైటిస్ ముప్పు తగ్గుతుంది. అయితే పక్కటెముకలు చేతికి ఎలా తగులుతున్నాయో రెండు వారాలకోసారి తడిమి చూడండి. బొచ్చు మీద చూపుతో ఏమీ తెలీదు. ముసలి పోనీ మరీ చిక్కిపోకూడదు కూడా.

అది నిలబడకపోతే మత్తు మందు వెట్ చేతే ఇప్పించండి. యార్డ్‌లో ఎవరి దగ్గరో మిగిలిన జెల్ వాడకండి. మత్తులో ఉన్న గుర్రం నిద్రపోతున్నట్టే ఉండి ఉన్నట్టుండి తన్నగలదు. పూర్తిగా తేరుకునేదాకా మేత పెట్టకూడదు, గొంతులో అడ్డుపడుతుంది.

మలక్‌పేట్_టు_న్యూమార్కెట్ · అక్టోబర్ 15

సరే అక్కా, ఇక పని గురించి వివరంగా రాస్తాను, సేవ్ చేసుకోండి.

ముందు రోజు ఎండ ఉంటే గోరువెచ్చని నీళ్ళతో షాంపూ పెట్టి కడగండి, పూర్తిగా ఆరాలి. లేకపోతే గట్టిగా బ్రష్ కొట్టి దుమ్ము లేపండి. బ్లేడు పాడయ్యేది బొచ్చు వల్ల కాదు, అందులోని మట్టి వల్ల. తడి బొచ్చు అస్సలు తెగదు.

బిబ్ క్లిప్‌కి తీగ లేని చిన్న క్లిప్పర్ సరిపోతుంది. తీగ ఉన్నదైతే కరెంటు లీకైతే వెంటనే తెంపే ఆర్‌సీడీ తప్పనిసరి. రబ్బరు అడుగున్న బూట్లు, తలకి హెల్మెట్, జుట్టు ముడి. ఫ్లీస్ జాకెట్ వేసుకుంటే బొచ్చంతా దానికే అంటుకుంటుంది. పాపకి చూపించవచ్చు, కానీ తల దగ్గర పట్టుకునేది పెద్దవాళ్ళే అయి ఉండాలి. పట్టుకున్న మనిషి, క్లిప్ చేసే మనిషి ఇద్దరూ ఒకే వైపు నిలబడాలి.

సుద్దముక్కతో గీత గీసుకోండి. ముందు నుంచి చూసి రెండు వైపులా సమానంగా ఉందో లేదో సరిచూడండి. బ్లేడు మీడియం చాలు, మరీ చర్మం దాకా తీసే సన్నది వద్దు. భుజం దగ్గర మొదలుపెట్టండి, అక్కడ గిలి తక్కువ. వెంట్రుకలు వాలిన దిశకి ఎదురుగా, పొడుగ్గా, ఒక వరస మీద మరో వరస కాస్త ఎక్కేలా లాగండి. నొక్కకండి, క్లిప్పర్ బరువే సరిపోతుంది. ముందు కాలి వెనక చర్మం ముడతలు పడుతుంది, అక్కడే తెగి రక్తం వచ్చేది. ఆ కాలుని ఒకరు ముందుకి లాగి పట్టుకుంటే చర్మం సాగి సాఫీ అవుతుంది. జూలు అంచుకి వేలెడు దూరంలో ఆగండి.

పది పదిహేను నిమిషాలకోసారి ఆపి, బ్లేడుని మీ మణికట్టు లోపలికి ఆనించి చూడండి. మీకు చురుక్కుమంటే దానికీ అంతే. నూనె వేయండి, చల్లారనివ్వండి. చాలా పోనీలు "క్లిప్పర్ అంటే పడదు" అనే పేరు తెచ్చుకున్నది వేడెక్కిన బ్లేడు వల్లనే, మొద్దుబారి వెంట్రుకలు పీకే బ్లేడు వల్లనే. తప్పు ఆ జీవానిది కాదు.

అయ్యాక వేడినీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి, జిడ్డూ చిన్న వెంట్రుకలూ పోతాయి. మా నాన్న అయితే దాని తర్వాత చేత్తో మాలీసు చేసేవారు. నేనిప్పటికీ చేస్తాను, ఎక్కడ వాపుందో ఎక్కడ వేడిగా ఉందో అరచేతికే ముందు తెలుస్తుంది.

డెవన్_పొలం · అక్టోబర్ 15

జబ్బు ఉందని తేలాక నా అభ్యంతరం లేదు, బిబ్ క్లిప్ సరైన నిర్ణయం. రెండు చోట్లు మాత్రం ముట్టుకోకండి. కాళ్ళ కింది బొచ్చు వాననీ బురదనీ డెక్క పైనున్న చర్మం మీద నిలవకుండా జారుస్తుంది. అది తీసేస్తే నానిన చర్మంలోకి బాక్టీరియా చేరి మడ్ ఫీవర్ పుండ్లు వస్తాయి. రెండోది మూతి చుట్టూ, కళ్ళ చుట్టూ ఉండే పొడుగు మీసాలు. గుర్రానికి మూతి కిందున్నది కనిపించదు, ఆ మీసాలతోనే తడిమి తెలుసుకుంటుంది. అందం కోసం వాటిని గీసేసేవారు. 2021 జూలై 1 నుంచి అవి గీసిన గుర్రాన్ని ఎఫ్ఈఐ (అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య) పోటీల్లోకి అనుమతించడం లేదు. ఎప్పుడో రావాల్సిన నియమం.

లీడ్స్_పోనీ_అమ్మ · అక్టోబర్ 23

ఈ రోజు అయిపోయింది! టూత్‌బ్రష్ చిట్కా అద్భుతంగా పని చేసింది సర్రే చెల్లీ. బిస్కెట్ గడ్డి వల ముందు నిలబడి కళ్ళు అరమోడ్చింది. యార్డ్‌లో అనుభవమున్న ఒకావిడ క్లిప్పర్ పట్టారు, మా వారు కాలు లాగి పట్టుకున్నారు, సుద్ద గీత పాపే గీసింది. సాయంత్రం ట్రాట్ చేయించాక ఛాతీ మీద కాస్త తేమ, అంతే. తువ్వాలుతో తుడిస్తే పది నిమిషాల్లో ఆరిపోయింది.

ఇప్పుడు రగ్గు. బయట 9 డిగ్రీలు, రాత్రికి 5, వాన లేదు. యార్డ్‌లో అందరూ 200 గ్రాములది (లోపలి దూది మందాన్ని ఇలా గ్రాముల్లో చెప్తారు) వేయమంటున్నారు.

కార్డిఫ్_పశువైద్యుడు · అక్టోబర్ 23

చాలా సంతోషం. ఈ రాత్రికి ఏ రగ్గూ వద్దు. గాలీ వానా కలిసి వచ్చే రాత్రి లోపల దూది లేని, నీళ్ళు దిగని పల్చటి రగ్గు వేయండి. గడ్డకట్టే చలిలో వాన కూడా ఉంటే 50 గ్రాములది, చిక్కిపోతుంటే 100. 200 గ్రాములది బిబ్ క్లిప్ చేసిన లావు పోనీకి వద్దే వద్దు. చెవులు పట్టుకుని చూసి చలేస్తోందని నిర్ణయించకండి, ఒళ్ళు వెచ్చగా ఉన్నా అవి చల్లగా ఉండవచ్చు. రగ్గు వేసిన రోజు భుజం వెనక చేయి పెట్టండి. చెమ్మగా తగిలితే రగ్గు ఎక్కువైనట్టు. వణుకుతూ తోక గాలికి తిప్పి నిలబడితే తక్కువైనట్టు. రగ్గు ఉన్నన్నాళ్ళూ రోజూ ఒకసారి పూర్తిగా తీసి ఒళ్ళు చూడండి.

గోదారి_గట్టు · అక్టోబర్ 24

మొదట్నుంచీ చదువుతున్నాను. ఇంత ఉందని తెలీదు. పాపకి, బిస్కెట్‌కి నా ఆశీస్సులు. మందు పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది డాక్టర్ గారూ?

కార్డిఫ్_పశువైద్యుడు · అక్టోబర్ 24

మొదలుపెట్టిన నాలుగు నుంచి ఆరు వారాలకి మళ్ళీ రక్తం తీసి ఏసీటీహెచ్ చూస్తారండీ. అంటే లీడ్స్ అమ్మ గారికి నవంబర్ రెండో సగంలో. చురుకుదనం, చెమట, నీళ్ళు తాగడం వీటిలో మార్పులు ఈలోగా ఒక పుస్తకంలో రాసి ఉంచితే వెట్‌కి చాలా పనికొస్తుంది.

మలక్‌పేట్_టు_న్యూమార్కెట్ · అక్టోబర్ 24

అదే పుస్తకంలో క్లిప్ తేదీ కూడా రాయండి అక్కా. డిసెంబర్‌లో బొచ్చు మళ్ళీ కాస్త వస్తుంది, చెమట పడుతుంటే అదే గీత మీద ఇంకోసారి తీయవచ్చు. బ్లేడు రెండు పలకలూ ఒకే జతగా ఉంచి సాన పట్టించి, నూనె రాసి దాచండి. వేరే జత పలక కలిస్తే తెగదు.